రసీదు లేని పురానా తాళం

పురానా సామాను కొనడమే తప్పని చెప్పేవాళ్ళతో నాకు పేచీ ఉంది. ఎక్కడిదో అడక్కుండా కొనేవాళ్ళతోనూ, ఎక్కడిదో చెప్పకుండా అమ్మేవాళ్ళతోనూ ఇంకో పేచీ ఉంది. రెండూ తేల్చుకోవడానికి ఈసారి ఒక చిన్న చీజ్‌ని తీసుకుంటున్నాను. బండి ఇగ్నీషన్. షెడ్లలో తాళం స్విచ్చి అంటారు, కీ సెట్టు అంటారు. గుప్పెట్లో పట్టేస్తుంది. కానీ బండి మొత్తం దాని మాటే వింటుంది.

దీన్నే ఎందుకు తీసుకున్నానంటారా? పాత ఇంజన్ కొనేటప్పుడు మనవాళ్ళు నలుగురిని వెంటబెట్టుకుని వెళ్తారు. గేరుబాక్సు కొనేటప్పుడు ఉస్తాద్‌ని బతిమాలి తీసుకెళ్తారు. తాళం స్విచ్చి దగ్గరికొచ్చేసరికి మాత్రం, "అరె భాయ్, చిన్నదే కదా, తిరుగుతోందిగా" అని జేబులో వేసుకుని వచ్చేస్తారు. తిరగడం ఒక్కటే దాని పని అనుకుంటారు. తిప్పిన చోట గట్టిగా నిలబడడం దాని అసలు పని. అది నిలబడకపోతే జాన్ మీదికొస్తుంది.

ఈ మాట అందరికీ వర్తించేదే అయినా, నేను అడ్డతీగల లాంటి చోటును కళ్ళముందు పెట్టుకుని రాస్తున్నాను. ఏలేశ్వరం దాటి కొండల్లోకి పోతే వచ్చే మండలం అది. అక్కణ్ణుంచి ఒక దారి రాజవొమ్మంగికి, ఇంకోటి వై.రామవరానికి, మరోటి గంగవరం మీదుగా రంపచోడవరానికి పోతాయి. బస్సు మొహం చూడని ఊళ్ళు ఆ దారుల పక్కన చాలా ఉన్నాయి. కొండరెడ్లకీ కోయదొరలకీ అక్కడ జీపూ ఆటోనే దిక్కు. చింతపండు, జీడిపిక్కలు సంతకి దించేది అవే. నొప్పులొచ్చిన ఆడమనిషిని, జ్వరంతో మూలిగే బిడ్డని ఆస్పత్రికి చేర్చేది చాలాసార్లు అవే. మైదానంలో పదీ పన్నెండేళ్ళు తిరిగి అలసిపోయిన బళ్ళు మిగిలిన ఉమర్ గడపడానికి ఇలాంటి కొండలకే ఎక్కుతాయి. కొత్త బండి తిరిగే సాఫీ రోడ్డు మీద కాదు, ముసలి బండి తిరిగే వంకర దారిలో ఈ స్విచ్చి హిసాబ్ చూడాలి.

డ్రైవర్ మజ్బూరీ ముందు చెప్పుకుందాం. బండి ఆగిందంటే ఆ రోజు రోజీ పోయినట్టే. కిస్తీ మాత్రం ఆగదు. కొత్త సామాను కావాలంటే కాకినాడో రాజమండ్రో దిగాలి. దిగినా దొరుకుతుందన్న భరోసా లేదు. మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. అదే ఏడాది మే నెలలో అంబాసిడర్ ఫ్యాక్టరీకి తాళం పడింది. మహీంద్రా కమాండర్, మార్షల్ జీపులు రావడం మానేసి చాలా ఏళ్ళయింది. కంపెనీ మర్చిపోయిన బండికి ఇంకో పాత బండి ఒంట్లోని ముక్కే ఇలాజ్. విజయవాడ జవహర్ ఆటోనగర్ లాంటి చోట బళ్ళు విప్పి, తుడిచి, ముక్కముక్కగా అమ్మేవాళ్ళు లేకపోతే మన కొండల్లో సగం బళ్ళు ఎప్పుడో మట్టి కొట్టుకుపోయేవి. ఆ కబాడీల మెహనత్‌కి నేను సలాం చేస్తాను. గరీబు డ్రైవర్ పురానా సామాను కొనడంలో ఐబ్ ఏమీ లేదు.

ఐబ్ ఎక్కడుందో తెలియాలంటే ఆ తాళంలో ఏముందో తెలియాలి. మామూలుగా దానికి నాలుగు మెట్లుంటాయి. మొదటిది లాక్. రెండోది రేడియో లాంటి చిల్లర పనులకి. మూడోది ఆన్, బండి నడుస్తున్నంతసేపూ చెవి ఉండాల్సిన చోటు. నాలుగోది సెల్ఫ్ కొట్టే చోటు, చెయ్యి తీయగానే స్ప్రింగు దాన్ని మళ్ళీ ఆన్ మీదికి తెస్తుంది. పెట్రోలు బండికైతే కాయిల్‌కి, దాన్నుంచి డెల్కోకి, ప్లగ్గులకి కరెంటు వెళ్ళేది ఈ దారినే. డీజిల్ బండిలో నిప్పురవ్వ పని లేదు గానీ, హీటర్ ప్లగ్గులకీ, డీజిల్ దారి తెరిచే సోలినాయిడ్‌కీ, సెల్ఫ్ మోటారుకీ హుకుం ఇక్కణ్ణుంచే. కొన్ని పాత జీపుల్లో ఇంజన్ ఆపడానికి లాగే నాబ్ వేరే ఉంటుంది. అలాంటి బండి తాళం చెడితే వచ్చే ఖతరా కొంచెం తక్కువ. తర్వాత వచ్చిన బళ్ళలో ఆ వెసులుబాటు పోయింది.

ఇప్పుడు ఘాట్ దిగుతున్న బండిని ఊహించండి. లోపల పదిమంది, పైన మూటలు. గుంతలో చక్రం పడింది. అరిగిన తాళం ఆన్ మీంచి వెనక్కి జారింది. ఇంజన్ కట్. పవర్ స్టీరింగ్ ఉన్న బండైతే చక్రం ఒక్కసారిగా బండరాయిలా బిగుసుకుంటుంది. ఇంజన్ తిరగడం ఆగితే బ్రేకు బూస్టర్లో మిగిలిన వాక్యూమ్ ఒకటి రెండు తొక్కుళ్ళకి వస్తుంది, ఆ తర్వాత బ్రేకు ఉన్నా కాలి బలమంతా పెడితే గానీ పట్టదు. ఇంకా అరిగిపోయిన తాళాల్లో చెవి నడుస్తుండగానే ఊడి చేతికొస్తుంది. అలాంటి తాళంలో స్టీరింగ్ లాక్ నాలుక మలుపులో పడిందంటే ఇక చెప్పడానికేం మిగలదు. అలవాటున్న డ్రైవర్ తప్పించుకోవచ్చు. కానీ పదిమంది జాన్‌ని అలవాటు మీద వదిలేస్తామా? మీరే జవాబ్ చెప్పండి.

ఇది పాత బళ్ళ ముచ్చటే అనుకోకండి. అమెరికాలో జనరల్ మోటార్స్ 2014లో దాదాపు 26 లక్షల కార్లని వెనక్కి పిలిచింది. ఇదే చీజ్ కోసం. కొత్త కార్లలోనే తాళం స్విచ్చి లోపలి స్ప్రింగు బలహీనంగా ఉండి, మోకాలు తగిలినా, చెవుల గుత్తి బరువుగా ఉన్నా ఆన్ మీంచి జారిపోయేది. ఇంజన్ ఆగేది, ఎయిర్ బ్యాగులు తెరుచుకునేవి కావు. ఆ కంపెనీ పెట్టిన నష్టపరిహారం నిధి 124 మరణాలకి దీన్ని కారణంగా ఒప్పుకుంది. 2015లో కంపెనీ 90 కోట్ల డాలర్ల జుర్మానా కట్టింది.

ఆ కథలో మనకి పనికొచ్చే సంగతి ఇంకోటుంది. 2006లో వాళ్ళ ఇంజనీరు ఆ ముక్కని లోలోపల బాగుచేయించాడు, కానీ పార్ట్ నంబరు మార్చలేదు. ఒకే నంబరు, రెండు స్విచ్చులు. ఒకటి చంపేది, ఒకటి నిలబడేది. పైకి చూస్తే తేడా లేదు. అంతలోపు రిపేర్ల కోసం డీలర్లకీ, సామాన్ల వ్యాపారులకీ దాదాపు 95 వేల పాత రకం స్విచ్చులు వెళ్ళిపోయాయి. ఏది ఏ బండికి బిగించారో పట్టుకోలేక, అసలు ఐబ్ లేకుండా తయారైన 2008 నుంచి 2011 దాకా మోడళ్ళని కూడా, అమెరికాలోనే 8 లక్షల పైచిలుకు బళ్ళని, వెనక్కి పిలవాల్సొచ్చింది. ప్రతి ముక్కకీ కంప్యూటరులో లెక్క రాసే ముల్కులోనే ఈ గతి పట్టింది. రసీదే లేని మన దుకాన్లో కొన్న స్విచ్చి జాడ ఎవడు తీస్తాడు?

అంతకుముందు 1996లో ఫోర్డ్ కంపెనీ దాదాపు 80 లక్షల బళ్ళని పిలిచింది. అక్కడ స్విచ్చి లోపల షార్టయ్యి పొగలొచ్చేవి, ఆపి ఉంచిన బళ్ళు కూడా అంటుకునేవి. తాళం స్విచ్చిలో కరెంటు నడిచే రాగి ముక్కలు వాడకంతో మాడతాయి, మాడినకొద్దీ వేడెక్కుతాయి. పాత స్విచ్చి కొన్నామంటే ఇంకొకడు మాడ్చిన రాగిని కొన్నట్టే.

అందుకని నా రాయి సూటిగా చెప్తాను. చాలా బళ్ళలో తాళం రెండు ముక్కలు. ముందు చెవి పెట్టే ఇనుప లాకు, వెనక వైర్లు తగిలే ప్లాస్టిక్ స్విచ్చి. ఇనుప లాకు, దాని బ్రాకెట్టు పురానా కొనండి, తప్పులేదు, బాగా చూసుకుని కొనండి. వెనక ప్లాస్టిక్ స్విచ్చి కొత్తది దొరికే బండైతే మాత్రం పురానా కొనకండి. పాత మోడళ్ళకి అది కొన్ని వందల రూపాయల సామాను. టైరుకి, డీజిల్‌కి పెట్టేదాని ముందు అది లెక్కలోకి రాదు. కొత్తది ససేమిరా దొరకనప్పుడే పాతదాని మొహం చూడాలి.

చూసే తరీఖా కూడా కష్టమేమీ కాదు. వైర్లు తగిలే పిన్నులు నల్లబడ్డాయా, ప్లాస్టిక్ కరిగిందా, మాడిన వాసన వస్తోందా చూడండి. చెవి పెట్టి యాభైసార్లు తిప్పండి. దుకాన్‌దార్ విసుక్కుంటే విసుక్కోనివ్వండి. ప్రతి మెట్టు దగ్గర టక్కుమని ఆగాలి, మెత్తగా జారకూడదు. ఆన్ మీద ఉన్నప్పుడు చెవిని లాగి చూడండి, రాకూడదు. సెల్ఫ్ మీంచి చెయ్యి తీస్తే దానంతటదే వెనక్కి రావాలి. మీటరుతో ఒక్కో మెట్టు దగ్గర ఏ పిన్నుకి ఏ పిన్ను కలుస్తోందో చూడమని ఎలక్ట్రీషియన్‌ని అడగండి. చెవిని కొంచెం కదిపినప్పుడు ముల్లు ఊగితే ఆ స్విచ్చి వద్దు. బిగించాక స్టీరింగ్ రెండువైపులా పూర్తిగా తిప్పి, లాకు నాలుక ఎక్కడా తగలట్లేదని ఖాయం చేసుకునేదాకా ఘాట్ దిగకండి.

తాళం పాడైతే వైర్లు రెండూ కలిపి డైరెక్ట్ చేసేసి, ఒక బటన్ పెట్టి తిరిగేవాళ్ళూ ఉన్నారు. ఒక్క రోజు గడవడానికి సరే. నెలల తరబడి అలాగే తిప్పితే ఫ్యూజు లేని వైరు ఒక రోజు బండిని తగలబెడుతుంది. స్టీరింగ్ లాకు కూడా ఉండదు కాబట్టి ఆ బండి ఎవడైనా ఎత్తుకుపోవచ్చు.

కొంచెం కొత్త కార్ల విషయంలో ఇంకో ధోకా ఉంది. చెవి తలలో చిన్న చిప్పు, తాళం చుట్టూ ఒక రింగు, లోపల కంప్యూటరు. ముగ్గురూ ఒకరినొకరు గుర్తుపడితేనే ఇంజన్ లేస్తుంది. ఇంకో కారు తాళాన్ని చెవితో సహా తెచ్చి బిగించినా, తాళం తిరుగుతుంది, బండి మాత్రం లేవదు. అప్పుడు కంప్యూటరు, తాళం, చెవి మూడూ ఒకే బండివి సెట్టుగా తెస్తామంటారు. పని చేస్తుంది, నిజమే. కానీ ఒక బండి గుండె, నోరు, చెవి మూడూ కలిపి అమ్ముతున్నారంటే ఆ బండికి ఏమైందో అడగాలి కదా. యాక్సిడెంటయ్యిందా, తుక్కుకి పోయిందా, లేక ఏ రాత్రో ఎవరి గుమ్మం ముందు నుంచో మాయమైందా?

దొంగమాల్ సంగతి ఇక్కడే మాట్లాడాలి. ఉత్తరప్రదేశ్ మీరట్‌లో సోతీగంజ్ అనే పాత సామాన్ల బజారు ఉండేది. చోరీ బళ్ళని గంటల్లో ముక్కలు చేస్తారని పేరుపడింది. 2021 డిసెంబరులో పోలీసులు దాన్ని మూయించారు. దొంగమాల్ అమ్మేవాడు అక్కడ ఉన్నాడు. ఇమాన్‌దారీగా తుక్కు కొని, విప్పి, అమ్ముకుని పిల్లల్ని చదివించుకునేవాడూ ఉన్నాడు. ఇద్దరి దగ్గరా కాగితం లేదు. కాగితం లేనప్పుడు ఇద్దరూ ఒకటే రంగులో కనిపిస్తారు. బజారు బద్నాం అయితే ముందు మునిగేది ఇమాన్‌దార్ మనిషే. దొంగ ఇంకో బజారు వెతుక్కుంటాడు. అందుకే రసీదు అనేది కొనేవాడి కోసం మాత్రమే అడిగే చీజ్ కాదంటున్నాను. అమ్మేవాడి ఇజ్జత్‌కి గవాహీ అదే.

కొనేవాడి వైపు నుంచి చూసినా అంతే. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం అమ్మేవాడికి లేని హఖ్ కొనేవాడికి రాదు. చోరీ సామాను అసలు మాలిక్‌కి వెళ్ళిపోవాల్సిందే. కొన్నవాడు తన పైసలు అమ్మినవాణ్ణి అడగొచ్చు. అడగడానికి సబూత్ ఏది? ఇక చోరీదని తెలిసి కొన్నా, నమ్మడానికి కారణం ఉండి కూడా కొన్నా, భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ వర్తిస్తుంది. చెవి లేకుండా, లోపలి బ్యారెల్ పగలగొట్టి ఉన్న తాళాన్ని చవగ్గా కొన్నవాణ్ణి పోలీసు మొదట అడిగే సవాల్ అదే. ఇక్కడ ఒక ఇన్సాఫ్ మాట కూడా చెప్పాలి. తాళం బోల్టుల తలలు బిగించేటప్పుడే తెగిపోయేలా తయారుచేస్తారు. కాబట్టి వాటిని విప్పాలంటే ఎంత ఇమాన్‌దార్ మెకానిక్కైనా డ్రిల్లు పెట్టక తప్పదు. బోల్టుల మీద డ్రిల్లు గుర్తు కనిపించినంత మాత్రాన చోరీ అని షక్ పడకండి. బ్యారెల్ పగిలి ఉంటేనే షక్ పడండి.

ఒక సంగతి చాలామంది డ్రైవర్లకి తెలియదు. సొంతంగా బండి తోలుకుని బతికేవాడు వ్యాపారి కిందకి రాడు. స్వయం ఉపాధి కోసం కొన్నవాణ్ణి 2019 వినియోగదారుల రక్షణ చట్టం వినియోగదారుడిగానే చూస్తుంది. ఫిర్యాదు తను ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, సామాను విజయవాడలో కొన్నా సరే. 5 లక్షల లోపు ఖరీదైన వాటికి ఫీజు కూడా లేదు. ఇంత హఖ్ చేతిలో ఉండి, ఒక్క చిన్న కాగితం లేక అది ఎందుకూ పనికిరాకుండా పోతోంది. ఇన్సూరెన్సు దగ్గర కూడా ఇదే కథ. బండి చోరీ అయితే కంపెనీవాళ్ళు రెండు చెవులూ అడుగుతారు. తాళం మార్చామని చెప్పడానికి కాగితం లేకపోతే మన మీదే షక్ పడతారు.

మరి రసీదులో ఏముండాలి? పెద్ద బిల్లు పుస్తకం అక్కర్లేదు. తారీఖు, దుకాన్ పేరు, సామాను పేరు, అది ఏ బండిలోంచి తీశారో ఆ బండి నంబరు, ఇన్ని రోజుల్లో పాడైతే వాపసు అన్న ఒక్క లైను, సంతకం. ఐదు నిమిషాల పని. ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకుంటే పోయేది కూడా కాదు. ఎందులోంచి తీశారో చెప్పలేని సామానైతే, "తెలియదు" అని రాయమనండి. అలా రాయడానికి జంకే దుకాన్‌లో కొనకపోవడమే మంచిది.

దీనికి వచ్చే జవాబులు నాకు తెలుసు. "గరీబోడికి ఇన్ని షరతులా?" అంటారు. షావుకారు తప్పుడు సామాను కొంటే ఇంకోటి కొనుక్కుంటాడు. గరీబోడికి రెండోసారి కొనే తాకత్ లేదు కాబట్టే షరతులు వాడికి ఎక్కువ అవసరం. "బంధంలో కాగితమేంటి, ఎత్‌బార్ ముఖ్యం" అంటారు. నేనూ ఎత్‌బార్ ఉన్నవాణ్ణే. కానీ అడ్డతీగల నుంచి దిగిన డ్రైవర్‌కీ ఆటోనగర్ దుకాన్‌దార్‌కీ మధ్య ఏ బంధం ఉంది? మళ్ళీ మొహం చూస్తారో లేదో తెలియని ఇద్దరి మధ్య ఎత్‌బార్‌ని మోసేది కాగితమే. ఐబ్ దాచి అమ్మిన కమాయీలో బర్కత్ ఉండదని మన ఇళ్ళల్లో పెద్దలు అంటుంటారు. ఐబ్ చెప్పి అమ్మితే ధర కొంచెం తగ్గుతుంది, రాత్రి నిద్ర మాత్రం తగ్గదు.

"అయితే కొత్తదే కొనమనండి, గొడవ పోతుంది" అనేవాళ్ళకి అమెరికా కథ పైన చెప్పాను. అది కొత్త సామానే. పైగా మెరిసే డబ్బాలో నక్లీ మాల్ మన బజారుకి కొత్తేమీ కాదు. కొత్తదైనా పాతదైనా, అది ఎక్కడిదో చెప్పగలగడంలోనే అసలు భరోసా ఉంది.

ఈ జిమ్మేదారీ అంతా డ్రైవర్ నెత్తిన పెట్టేసి చేతులు దులుపుకోవడం కూడా ఇన్సాఫ్ కాదు. 2021లో కేంద్రం తుక్కు కేంద్రాల నిబంధనలు తెచ్చింది. రిజిస్టరైన కేంద్రానికి బండి ఇస్తే కాగితం ఇస్తారు, ఆ బండి నంబరు సర్కారు లెక్కలోకి ఎక్కుతుంది. అలాంటి కేంద్రాల నుంచి వచ్చే మంచి ముక్కలు నంబరుతో సహా మన చిన్న పట్నాల దుకాన్లకి చేరే దారి వెయ్యాలి. ఆటోనగర్ సంఘాలు తలుచుకుంటే ఒకే నమూనా రసీదు అచ్చేసి ప్రతి దుకాన్‌లో పెట్టించగలవు. రంపచోడవరం ఐటీడీఏ గిరిజన యువకులకి డ్రైవింగుతో పాటు బండి కరెంటు పని నేర్పిస్తే, స్విచ్చి చూడ్డానికి మైదానం దాకా దిగే బాధ తప్పుతుంది. కొండల్లోనే ఉస్తాద్‌లు తయారవుతారు, వాళ్ళ దగ్గర షాగిర్దులు తయారవుతారు.

ఇవన్నీ అయ్యేదాకా మన చేతిలో ఉన్నది ఒక్క సవాలే. ఈసారి పాత తాళం చేతికిచ్చి దుకాన్‌దార్ ధర చెప్పినప్పుడు, బేరం మొదలుపెట్టకముందే అడగండి: "భాయ్, ఇది ఏ బండిది? రాసిస్తావా?" రాసిచ్చినవాడికి పది రూపాయలు ఎక్కువైనా ఇవ్వండి. ఆ పది రూపాయలు దండగ కావు. మీ బండి పైన మూటల పక్కన కూర్చుని, ఆ తాళం ఎక్కడిదో ఏమీ తెలియకుండా ఘాట్ దిగే మనిషి తరఫున మీరు కడుతున్న పైసలవి.